క్యాజువాలిటీలో మొదటి పది నిమిషాలు: కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుకు

డ్యూటీ ఎక్కగానే ముందు సక్షన్ మెషీన్ దగ్గరికి వెళ్ళండి. స్విచ్ వేసి, ట్యూబు చివరను వేలితో మూసి, ప్రెజర్ ముల్లు లేస్తోందో లేదో చూడండి. నోటి నిండా నురగతో పేషెంటు వచ్చాక మెషీన్ లాగడం లేదని తెలిస్తే చేయగలిగింది చాలా తక్కువ.

నేను క్యాజువాలిటీలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. కొంతకాలం జిల్లా ఆసుపత్రిలో, తర్వాత ప్రైవేటులో. కొత్తగా వచ్చే అమ్మాయిలకు, బ్రదర్స్‌కు మొదటి వారంలో నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మందు ఏది, ఎంత అన్నది డాక్టరు ఆర్డరు. మీ ఆసుపత్రి ప్రోటోకాల్ గోడ మీద అంటించి ఉంటే దాన్నే పాటించండి. అయితే నైట్ డ్యూటీలో ఒక్క డాక్టరు, ముగ్గురు సీరియస్ పేషెంట్లు ఉన్నప్పుడు మూడో మనిషిని ముందు చూసేది మీరే. ఆ కాసేపట్లో మీరు ఏం చూశారు, ఏ టైముకు చూశారు, దాన్ని పైకి చెప్పారా లేదా అన్నదాని మీదే తర్వాతి వైద్యం అంతా నడుస్తుంది.

పేషెంటు రాకముందు

సక్షన్ అయ్యాక ఆక్సిజన్. సిలిండరైతే గేజ్ చూడండి, స్పేర్ సిలిండరుకు తాళం చెవి ఎక్కడుందో కనుక్కోండి. అంబు బ్యాగ్‌కు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) మాస్కు తగిలించి ఉండాలి, పిల్లల మాస్కు పక్కనే ఉండాలి. లారింగోస్కోప్ (ట్యూబ్ వేసేటప్పుడు గొంతు లోపల చూసే పరికరం) తెరిచి బల్బు వెలుగుతోందో లేదో మీ కళ్ళతో చూడండి. "పొద్దున చూశాం సిస్టర్" అని ఎవరన్నా సరే మళ్ళీ చూడండి.

మందుల ట్రేలో అడ్రినలిన్, అట్రోపిన్, 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అట్రోపిన్ ఐదు యాంపూల్స్ ఉంటే చాలనుకోకండి, ఎందుకో కింద చెబుతాను. ఆ తర్వాత గాజు టెస్ట్ ట్యూబులు. కొత్తవి, పొడిగా ఉన్నవి నాలుగైనా విడిగా ఒక డబ్బాలో పెట్టి, మీద పేరు రాసి ఉంచండి.

గుమ్మం దగ్గర

108 స్ట్రెచర్ లోపలికి వస్తుండగానే ఒక ప్రశ్న వేయండి: "ఏమైందమ్మా, పేరేంటి?" పూర్తి వాక్యంలో జవాబు వస్తే గొంతు తెరుచుకుని ఉంది, ఊపిరి ఆడుతోంది, తెలివి ఉంది. రెండు మాటలకే ఆయాసపడితే అది ఒక సమాచారం. గురగురమని శబ్దం వస్తే వెంటనే పక్కకు తిప్పి సక్షన్. అడుగుతూనే చెయ్యి పట్టుకోండి. అరచెయ్యి చల్లగా, చెమటగా ఉంటే బీపీ మెషీన్ కట్టకముందే డాక్టరును పిలవండి.

తెలివి లేకుండా ఎవరు వచ్చినా ముందు షుగర్ చూడాలి. పక్షవాతమని తెచ్చినా, తాగి పడిపోయాడని తెచ్చినా, ఫిట్స్ అన్నా సరే, వేలికి సూది గుచ్చి గ్లూకోమీటర్ పెట్టండి. షుగర్ మాత్ర వేసుకుని అన్నం తినని పెద్దవాళ్ళు పక్షవాతం వచ్చినట్టే మూతి, చెయ్యి పడిపోయి వస్తారు. డాక్టరు చెప్పగానే డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే సూది తీసేలోపే కళ్ళు తెరిచి "ఎక్కడున్నాను" అని అడిగినవాళ్ళను నేను చాలామందిని చూశాను. రోజూ తాగే మనిషికైతే డెక్స్‌ట్రోజ్‌తో పాటు థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వాలా అని డాక్టరును గుర్తుచేసి అడగండి.

ఇంకో మాట. ఊపిరి లెక్కపెట్టండి. మన కేస్ షీట్లలో చాలావరకు శ్వాస నిమిషానికి 20 అనే రాసి ఉంటుంది, ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టరు. నాడి పట్టుకున్నట్టే పట్టుకుని, కళ్ళు మాత్రం ఛాతీ మీద పెట్టి ముప్పై సెకన్లు చూడండి. మనిషి దిగజారుతున్నాడని బీపీ కంటే ముందు చాలాసార్లు ఊపిరే చెబుతుంది.

పాము కాటు

మన దగ్గర వానాకాలం మొదలైతే రోజూ వస్తాయి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు, రాత్రి పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ మన దగ్గరున్న ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఒక్కటే. అందుకే పామును చంపి తెమ్మని ఎవరినీ పంపకండి. చచ్చిన పామును తెచ్చినా చేత్తో ముట్టుకోనివ్వకండి.

ముందు కరిచిన కాలిని, చేతిని కదలనివ్వకండి. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు, కాశీతాడు తీసేయండి. మెట్టెలు తీయాలంటే కొందరు ఆడవాళ్ళు ఒప్పుకోరు, అత్తగారు పక్కనే ఉంటే మరీను. "వాపు ఎక్కితే వేలికి రక్తం ఆగిపోతుందమ్మా, తగ్గాక మళ్ళీ మీరే పెట్టుకుందురు" అని చెప్పి, తీసి ఆవిడ చేతిలోనే పెట్టండి. రాకపోతే కట్టర్‌తో కత్తిరించాల్సిందే.

పైన తాడుతోనో తువ్వాలుతోనో గట్టిగా కట్టుకుని వచ్చి ఉంటారు. చూడగానే విప్పేయకండి. ముందు కట్టు లేని చేతికి కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టి, సెలైన్, ఆక్సిజన్, అంబు బ్యాగ్ పక్కన పెట్టుకుని, డాక్టరు దగ్గరుండగా విప్పాలి. ఆగిన విషం ఒక్కసారిగా పైకి వెళితే బీపీ పడిపోవచ్చు, ఊపిరీ ఆగవచ్చు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం లాంటివి ఊళ్ళో చేసి ఉంటే తిట్టకుండా ఏం చేశారో మాత్రం అడిగి రాసుకోండి.

వాపు ఎక్కడిదాకా ఉందో బాల్‌పెన్‌తో చర్మం మీద గీత గీసి, ఆ గీత పక్కనే టైము వేయండి. అరగంట తర్వాత గీత దాటిందా లేదా అన్నది ఎవరు చూసినా తెలుస్తుంది.

ఇప్పుడు గాజు ట్యూబు. 2 మి.లీ. రక్తం తీసి అందులో వేసి, ఎవరూ కదపని చోట నిలబెట్టండి. సరిగ్గా ఇరవై నిమిషాలు. మధ్యలో ఊపి చూడకూడదు. ఇరవై నిమిషాలు కాగానే ఒక్కసారి వంచండి. రక్తం గడ్డకట్టి ఉంటే కదలదు. నీళ్ళలా జారితే పింజర విషం ఒంట్లో పనిచేస్తోందని అర్థం, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ప్లాస్టిక్ ట్యూబు దీనికి పనికిరాదు, రక్తం గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది గాజు గోడే. సబ్బుతో కడిగిన ట్యూబు కూడా పనికిరాదు, సబ్బు అంటి ఉంటే మంచి రక్తం కూడా గడ్డకట్టదు. ఒకసారి మా ఆయమ్మ పాపం శుభ్రంగా ఉండాలని ట్యూబులన్నీ సర్ఫ్ వేసి కడిగి ఆరబెట్టింది. ఆ రాత్రి వచ్చిన కుర్రాడి రక్తం గడ్డకట్టలేదు. అనుమానం వచ్చి అదే రకం ట్యూబులో వాళ్ళన్న రక్తం వేసి చూస్తే అదీ జారింది. అప్పటినుంచి ట్యూబుల డబ్బా నా చేతుల మీదుగానే సర్దుతున్నాను. అనుమానం వచ్చినప్పుడు మీరూ అలాగే, తోడు వచ్చిన ఆరోగ్యవంతుడి రక్తంతో ఇంకో ట్యూబు పెట్టి సరిచూసుకోండి.

ఏఎస్‌వీ ఆర్డరు వస్తే సాధారణంగా 10 వయల్స్ (చిన్న మందు సీసాలు), గంటలో ఎక్కిస్తారు. పొడి వయల్ అయితే 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ వేసి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పండి. కుదిపితే నురగ వస్తుంది, మందు వృథా. చిన్నపిల్లకు కూడా పెద్దవాళ్ళంత డోసే ఇస్తారు, చూసి కంగారుపడకండి. పాము చిన్నపిల్లను కరిచినా పెద్దవాళ్ళను కరిచినా వదిలే విషం అంతే కదా, మందు ఆ విషానికే. సెలైన్ బాటిల్‌లో ఎంత కలపాలన్నది మాత్రం పిల్ల బరువును బట్టి డాక్టరు చెబుతారు.

మొదటి చుక్క ఎక్కకముందే అడ్రినలిన్ సిరంజిలోకి లాగి, పేరు రాసి ట్రేలో పెట్టుకోండి. పెద్దవాళ్ళకు 0.5 మి.గ్రా. తొడ కండరానికి. మొదటి పావుగంట పేషెంటు పక్కనుంచి కదలకండి. దురద, దద్దుర్లు, చలి వణుకు, గొంతు బిగుసుకోవడం, వాంతి, బీపీ పడటం, వీటిలో ఏది కనిపించినా డ్రిప్ ఆపి గట్టిగా పిలవండి.

కట్లపాము సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే దాని విషయంలో నేనొకసారి పొరపడ్డాను. చేరిన రెండో ఏడు, ఆగస్టు నెల, తెల్లవారుజాము మూడు దాటింది. నలభై ఏళ్ళ ఆవిడ కడుపునొప్పి అంటూ కూతురితో వచ్చింది. వాపు లేదు, గాటు లేదు. నేను షీటు మీద "కడుపునొప్పి" అని రాశాను, ఆర్డరు ప్రకారం గ్యాస్ ఇంజక్షన్ చేసి మూల బెడ్ మీద పడుకోబెట్టాను. నలభై నిమిషాలకు కూతురు వచ్చి "అమ్మకు నిద్ర ముంచుకొస్తోంది, మాట ముద్దగా వస్తోంది" అంది. వెళ్ళి చూస్తే కళ్ళు తెరవలేకపోతోంది. రెప్ప పైకెత్తి "నా మాట వినపడుతోందా?" అంటే నా వేలు గట్టిగా నొక్కింది. పూర్తి తెలివితో ఉంది, రెప్పలే లేవడం లేదు. వెంటనే గొంతులో ట్యూబ్ వేశారు, వెంటిలేటర్, ఏఎస్‌వీ. బతికింది. ముందు రోజు రాత్రి వరండాలో చాప మీద పడుకుందని తర్వాత తెలిసింది. ఆ ఒక్క ప్రశ్న నేను ముందే అడిగి ఉండాల్సింది.

మీరు అడగండి. వానాకాలంలో రాత్రి పూట, తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతునొప్పి, ఒళ్ళు నీరసం అని ఎవరొచ్చినా, "రాత్రి కింద పడుకున్నారా?" అని అడగండి. కట్లపాము గాటు చాలాసార్లు కనిపించదు, నొప్పీ ఉండదు. "పైకి చూడమ్మా" అని రెప్పలు పూర్తిగా లేస్తున్నాయేమో చూడండి. ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టించి ఎంతదాకా వచ్చారో టైముతో రాయండి. పావుగంట తర్వాత మళ్ళీ లెక్కపెట్టించండి. మొదట ఇరవై ఐదు దాకా వచ్చిన మనిషి పన్నెండుకే ఆగిపోతే రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 98 చూపిస్తున్నా సరే డాక్టరును పిలవండి.

పురుగుల మందు

గ్లౌజు, మాస్కు, ఏప్రాన్ వేసుకున్నాకే ముట్టుకోండి. బట్టలన్నీ తీసేసి, ఒళ్ళు, జుట్టు సబ్బు నీళ్ళతో కడగాలి. మందు చర్మం గుండా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అయితే ఊపిరి సరిగా లేకపోతే ముందు ఊపిరి, కడగడం తర్వాత.

ఇంటి దగ్గర ఉప్పునీళ్ళు, చింతపండు రసం, ఇంకా చెప్పలేనివి తాగించి వాంతి చేయించి ఉంటారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు, కాబట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టి సక్షన్ దగ్గర పెట్టుకోండి. "కడుపు కడగండి సిస్టర్" అని బంధువులు గొడవ చేస్తారు. తాగి గంట దాటితే దానివల్ల లాభం తక్కువ. తెలివి లేని మనిషికి గొంతులో ట్యూబ్ లేకుండా కడిగితే ప్రమాదం. కిరోసిన్, యాసిడ్ అయితే అసలు కడగకూడదు. ఈ మాట వాళ్ళకు నెమ్మదిగా, ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి.

ఒకరిని డబ్బా తీసుకురమ్మని ఇంటికి పంపండి. ఫోటో పంపించినా చాలు. ఇది చాలా ముఖ్యం. "గడ్డిమందు" అంటారు, అందులో పారాక్వాట్ ఉంటే ఆక్సిజనే ఊపిరితిత్తులను ఇంకా పాడుచేస్తుంది. అలాంటి కేసులో అలవాటు కొద్దీ మాస్కు పెట్టేయకుండా డాక్టరును అడిగి, చెప్పినంతే పెట్టాలి.

కంటిపాప సూదిమొనలా చిన్నదైపోవడం, చెమట, లాలాజలం, కన్నీళ్ళు, ఛాతీలో గురగుర, నాడి నెమ్మదించడం. ఇవి ఉంటే ఆర్గనోఫాస్ఫేట్ అనే రకం పురుగుల మందు అని అనుకుని డాక్టరు అట్రోపిన్ మొదలుపెడతారు. మన యాంపూల్ 0.6 మి.గ్రా. మొదటి డోసుకే మూడు నుంచి ఐదు యాంపూల్స్ కావాలి. ఐదు నిమిషాలకొకసారి చూసి, తగ్గకపోతే డోసు రెట్టింపు చేస్తారు. ఐదు, పది, ఇరవై. యాంపూల్స్ ఎందుకు లెక్కపెట్టుకోమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒకరు యాంపూల్స్ పగలగొట్టి లాగాలి, ఇంకొకరు టైము రాయాలి. ఖాళీ యాంపూల్స్ పారేయకుండా కిడ్నీ ట్రేలో ఒక పక్కన పెట్టుకోండి. కంగారులో ఎంత వెళ్ళిందో మర్చిపోతే ఆ ట్రేనే లెక్క చెబుతుంది.

డాక్టరుకు చెప్పాల్సినవి ఇవి: స్టెతస్కోప్ పెడితే ఛాతీ శుభ్రంగా ఉందా, నాడి 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, చంక తడిగా ఉందా పొడిగా ఉందా. చంకలో చెయ్యి పెట్టి చూడటానికి మొహమాటపడకండి. ఛాతీ పొడిబారాక కూడా అట్రోపిన్ ఎక్కువైతే జ్వరం వస్తుంది, మనిషి గాల్లో ఏదో పట్టుకున్నట్టు చేతులాడిస్తాడు, మూత్రం ఆగిపోతుంది. అదీ చూసి చెప్పాల్సిందే.

రెండో రోజు, మూడో రోజు బాగా మాట్లాడుతున్న మనిషిని చూసి నిశ్చింతగా ఉండకండి. ప్రతి రౌండులో "దిండు మీద నుంచి తల ఎత్తండి" అని అడగండి. మెడ లేవకపోతే కొన్ని గంటల్లో ఊపిరి కండరాలు కూడా పడిపోవచ్చు.

ఇక ఆ మనిషితో ఎలా మాట్లాడతారన్నది. అప్పుల వల్ల తాగినవాళ్ళుంటారు, ఇంట్లో గొడవపడి ఆ నిమిషంలో తాగి, ఇప్పుడు బతకాలని మన చెయ్యి పట్టుకునేవాళ్ళుంటారు. "ఎందుకు చేశావిట్లా, పిల్లలు గుర్తురాలేదా?" అని సక్షన్ వేస్తూ అడిగే సిస్టర్లను చూశాను. దయచేసి అలా అడగకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. "నేనిక్కడే ఉన్నాను, భయపడకండి" అనండి, చాలు. తేరుకున్నాక సైకియాట్రిస్టుకు చూపించే ఏర్పాటు చేయమని డాక్టరుకు గుర్తుచేయండి. టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి పేషెంటుకు, ఇంటివాళ్ళకు ఇవ్వండి. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గుండెనొప్పి

"గ్యాస్ పట్టేసింది సిస్టర్, ఒక ఇంజక్షన్ చేయండి, వెళ్ళిపోతాం" అని వస్తారు. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చేతిలో పెట్టాలి. బిల్లు, ఓపీ చీటీ, పేరు నమోదు అన్నీ తర్వాత. షుగర్ ఉన్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు, ఆడవాళ్ళు ఛాతీలో నొప్పి అనకపోవచ్చు. ఆయాసం, చెమటలు, దవడ లాగడం, కడుపు పైభాగంలో మంట అంటారు. అన్నిటికీ ఈసీజీ తీయండి.

ఆడవాళ్ళకు ఈసీజీ తీసేటప్పుడు తెర లాగి, మీద దుప్పటి కప్పి, రవిక తీయించండి. మొహమాటంతో లీడ్లు (ఈసీజీ తీగలు) రొమ్ము మీదనో, చాలా పైననో అంటిస్తే ఈసీజీ తప్పు వస్తుంది. ఛాతీ మీద పెట్టే నాలుగో లీడ్ రొమ్మును పైకి జరిపి దాని కింద, ఐదో పక్కటెముక సందులో పెట్టాలి. సార్బిట్రేట్ (గుండెనొప్పి మాత్ర) నాలుక కింద పెట్టేముందు బీపీ చూడండి. ఇంట్లోనే పెట్టుకుని వచ్చారేమో అడగండి.

తోడు వచ్చినవాళ్ళు, పోలీసు కాగితాలు

యాక్సిడెంట్, విషం, కొట్లాట, కాలిన కేసులు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు), అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసులు. కాగితాల కోసం వైద్యం ఆపకూడదని సుప్రీం కోర్టు 1989లోనే స్పష్టంగా చెప్పింది. ముందు చూడండి, తర్వాత రాయండి. రాసేటప్పుడు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, ఎవరు చెప్పారో కూడా రాయండి. తీసిన బట్టలు, నగలు లెక్కతో ఇద్దరి ముందు అప్పగించి సంతకం తీసుకోండి.

పదిమంది ఒక్కసారి మీద పడితే వాళ్ళలో పెద్దమనిషిని ఒకరిని ఎంచుకోండి. "అన్నా, మీరొక్కరు నాతో రండి, ఏం జరుగుతోందో మీకు చెబుతాను" అనండి. పావుగంటకొకసారి ఆయనకు వెళ్ళి చెప్పండి, కొత్తగా ఏమీ లేకపోయినా సరే. బయట కూర్చున్నవాళ్ళ కోపం చాలావరకు ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్లే పెరుగుతుంది. అయినా చెయ్యి లేస్తే ఒంటరిగా ఎదురు నిలబడకండి, తలుపు వైపు జరిగి సెక్యూరిటీని పిలవండి. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే నాన్ బెయిలబుల్ కేసు పెట్టే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, మాటల తిట్లయినా సరే రాసి ఇవ్వండి.

సూది గుచ్చుకుంటే

పిండకండి. సబ్బు, నీళ్ళతో కడిగి, అప్పుడే ఇన్‌చార్జికి చెప్పండి. డ్యూటీ అయ్యాక చూద్దామనుకోకండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందు వీలైతే 2 గంటల్లోపు మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే దానివల్ల ఉపయోగం ఉండదు. వేసుకోవాల్సి వస్తే 28 రోజులూ పూర్తిగా వేసుకోవాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి కాకుండా క్యాజువాలిటీలో చేరకండి, చేరి ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి.

హ్యాండోవర్

పొద్దున డ్యూటీ వాళ్ళకు టేబుల్ దగ్గర నిలబడి చెప్పకండి. ప్రతి బెడ్ దగ్గరికీ తీసుకెళ్ళండి. ఎవరు, ఎందుకు వచ్చారు, ఏం ఇచ్చాం, ఇంక ఏం మిగిలింది, ఏ టైముకు. పాము కాటు బెడ్ దగ్గర పెన్నుతో గీసిన గీత చూపించండి. ఏఎస్‌వీ ఎన్నింటికి అయిపోయిందో చెప్పి, ఆ టైముకు ఆరు గంటలు కలిపి మళ్ళీ రక్తం తీసి గాజు ట్యూబులో చూడాల్సిన వేళను బోర్డు మీద పెద్దగా రాయండి. పురుగుల మందు తాగిన మనిషి దగ్గర వాళ్ళ ముందే తల ఎత్తించండి. తీసుకునే సిస్టర్‌తో ఆ టైములు తిరిగి చెప్పించుకోండి. తర్వాత ట్యూబుల డబ్బా తెరిచి, వాడినన్ని కొత్తవి పెట్టి, ఆవిడకు చూపించి డ్యూటీ దిగండి.